మేమా, మనమా?

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు ఇంగ్లీషు నోటీసొకటి తెచ్చి, పెద్దవాళ్ల కోసం తెలుగులో రాసిపెట్టమన్నారు. లిఫ్టు రిపేరు సంగతి, మూడే లైన్లు. రెండో లైను దగ్గర నా పెన్ను ఆగింది. 'వుయ్ విల్ బేర్ ది కాస్ట్.' ఖర్చు మేం పెట్టుకుంటాం అనాలా, మనం పెట్టుకుందాం అనాలా? మొదటిదైతే కమిటీ కార్పస్ ఫండ్‌లోంచి తీస్తుంది. రెండోదైతే ఫ్లాటుకింత అని అందరం వేసుకోవాలి. అదే అడిగాను. ఆయన కాగితం తీసుకుని రెండుసార్లు చదివి, "కమిటీలో అడిగి చెప్తానండీ" అన్నారు.

ఏళ్ల తరబడి న్యూస్ డెస్కులో ఇంగ్లీషు కాపీ తెలుగు చేస్తున్నాను. చదువుతుంటే సాఫీగానే ఉంటుంది. రాయబోతేనే తడబాటు. 'హిజ్ బ్రదర్' అని వస్తుంది. అన్నా, తమ్ముడా? పేజీ వదిలే టైము దగ్గరపడితే 'సోదరుడు' అని రాసేస్తాం. ఏ ఇంట్లోనూ ఎవరూ పిలవని మాట అది. వీలున్న రోజు రిపోర్టరుకు ఫోన్ చేసి కనుక్కుంటాను. ఆ ఒక్క ఫోనూ వృథా అని నాకెప్పుడూ అనిపించలేదు.

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు పాల వ్యాన్ల డ్రైవర్ల కేసు నాకు తరచూ గుర్తొస్తుంది. ఏయే పనులకు ఓవర్‌టైమ్ లేదో అక్కడి చట్టంలో ఒక జాబితా ఉంది. దాని చివర 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని రాశారు. షిప్‌మెంట్ తర్వాత కామా లేదు. మరి డిస్ట్రిబ్యూషన్ విడిగా ఒక పనా, లేక ప్యాకింగ్ దేనికోసమో చెప్పే మాటా? డ్రైవర్లు సరుకు చేరవేస్తారే గానీ ప్యాక్ చెయ్యరు. 2017లో అప్పీళ్ల కోర్టు, ఆ వాక్యానికి రెండర్థాలూ వస్తున్నాయని చెప్పి డ్రైవర్ల పక్షాన తీర్పిచ్చింది. 2018లో ఆ డ్రైవర్ల యాజమాన్యం ఓక్‌హర్స్ట్ డెయిరీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. శాసనసభ ఆ జాబితాలో సెమీకోలన్లు పెట్టి, డిస్ట్రిబ్యూషన్‌ను డిస్ట్రిబ్యూటింగ్‌గా మార్చింది. అదే తెలుగులో అయితే 'పంపిణీకి ప్యాక్ చేయడం' వేరు, 'పంపిణీ చేయడం' వేరు. ఆ 'కి' రాయకుండా వాక్యం ముందుకు కదలదు.

మనకూ చిక్కులున్నాయి. 'వచ్చే శుక్రవారం' అంటే ఏ శుక్రవారం? నేను తేదీ కూడా వేస్తాను.

బుధవారం రాత్రి సెక్రటరీగారు వచ్చారు. కమిటీలో ఐదుగురుంటే ముగ్గురు కార్పస్ ఫండ్ అనుకున్నారట, ఇద్దరు ఫ్లాట్లవారీ వసూలు అనుకున్నారట. గంటసేపు మాట్లాడుకుని కార్పస్ ఫండే అని తేల్చారు. 'ఖర్చంతా కమిటీయే పెట్టుకుంటుంది' అని పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఇంగ్లీషు నోటీసులో కూడా 'వుయ్' కొట్టేసి, 'ది కమిటీ' అని ఆయనే తన చేత్తో దిద్దారు.