వెనక వరుస

పుష్య మాసం వచ్చిందంటే పంజాగుట్టలో మా సంగీతం టీచరుగారి మేడ మీద జంపఖానాలు పరిచేవాళ్ళం. త్యాగరాజ ఆరాధనకి పంచరత్నాల సాధన. ముప్పై మందిమి. ముందు వరుసలో కచేరీలు చేసేవాళ్ళు, వాళ్ళ వెనక పరీక్షలు పాసైనవాళ్ళు, గోడకి ఆనుకుని మేము. నాది కింది గొంతు. అందరూ ఐదు శ్రుతికి ఎత్తుకుంటే నాకు తారస్థాయి అందేది కాదు. అక్కడికొచ్చేసరికి పెదవులు మాత్రం కదిపేదాన్ని.

ఒక ఆదివారం టీచరుగారు నాట రాగ కృతి మొత్తం టేప్‌రికార్డర్‌లో పట్టి, అందరినీ కూర్చోబెట్టి వినిపించారు. రెండో చరణం దాకా విని ఆపేశారు. "ముప్పై మంది పాడితే నలుగురే వినిపిస్తున్నారేమిటే? వెనక వాళ్ళేరీ?" అన్నారు. తర్వాతి వారం టేప్‌రికార్డర్‌ని తెచ్చి మా గోడ పక్కన స్టూలు మీద పెట్టారు. అదే కృతి, అవే గొంతులు. వినబడింది మాత్రం ఇంకో పాట. వయొలిన్ ఎక్కడో దూరంగా ఉంది. మా వరుసలో ఎవరు ఎక్కడ ఊపిరి పీల్చారో, ఎవరు సంగతి సగంలో మింగేశారో, నేను ఎక్కడ ఆగిపోయానో అన్నీ ఉన్నాయి. మైకు ఎవరి పక్కన ఉంటే రికార్డింగు వాళ్ళదవుతుందని ఆ రోజు తెలిసింది. అప్పట్నుంచి ఏ బృందగానం విన్నా నా చెవి వెనక వరుసని వెతుక్కుంటూనే ఉంది.

బీథోవెన్ తొమ్మిదో సింఫనీని కూడా అలాగే విన్నాను. మొదటి కేసెట్ పంజాగుట్ట చౌరస్తా దగ్గరి షాపులో, సినిమా పాటల మధ్య దొరికింది. కారాయాన్ నడిపించిన 1962 నాటి బెర్లిన్ రికార్డింగు. మూడు భాగాలు వాద్యాలే. నాలుగో భాగంలో చెల్లోలు, డబుల్ బేస్‌లు ఒక వరసని గుసగుసగా ఎత్తుకున్నాయి. నేను లేచి కూర్చున్నాను. శంకరాభరణం స్వరాలవి! దాదాపు అంతా షడ్జమం నుంచి పంచమం దాకా నడిచే పాట, ఒక్కచోట మాత్రం కింది పంచమానికి దిగి వస్తుంది. సంగీతంలో చేరిన మొదటి నెల పిల్లలు కూడా పాడగలరు. తర్వాత దాన్ని మనుషులు అందుకుంటారు. షిల్లర్ 1785లో రాసిన ఆనందగీతం అది.

మన గోష్ఠి గానంలో ఎంతమంది పాడినా అందరిదీ ఒకటే వరస. 2009లో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో అన్నమయ్య లక్ష గళార్చన జరిగినప్పుడూ అంతే. పేరులోనే లక్ష గొంతులున్నాయి, అన్నీ ఒక్క బాటలోనే నడిచాయి. దాని బలం దానిది, కాదనను. కానీ తొమ్మిదో సింఫనీలో సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అని నాలుగు గొంతులకీ నాలుగు బాటలు వేసి ఉన్నాయి. ఆల్టో అంటే ఆడవాళ్ళలో కింది గొంతు. పెదవులు కదిపి ఊరుకున్న నాలాంటిదాని కోసం ఒకాయన విడిగా వరస రాసిపెట్టాడని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన భాషల పాటలకి ఇలా విడివిడి గొంతులు కట్టిన ఎం.బి. శ్రీనివాసన్ చిత్తూరులో పుట్టినవాడు. 1970ల మొదట్లో మద్రాసు యూత్ కోయిర్‌ని నిలబెట్టిందీ ఆయనే. ఆయన బాట మా మేడ దాకా వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు ఉంటున్నది అమీర్‌పేటలో. కోచింగ్ సెంటర్ల మెట్లు ఖాళీ అయ్యి, మెట్రో చివరి బండ్లు వెళ్ళిపోయాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను. సింఫనీ మొత్తం వినను. ఒక్క ఘట్టం తీసుకుని నాలుగు రికార్డింగుల్లో వింటాను. కోట్లమందిని అక్కున చేర్చుకోమని మగగొంతులు ఎత్తుకున్న వరస ఒకటి ఉంటుంది. కాసేపటికి దాన్నీ, ఆనందగీతాన్నీ బీథోవెన్ ఒకేసారి పాడిస్తాడు. ఎత్తుకునేది ఆడవాళ్ళే. సొప్రానోలు ఆనందగీతాన్ని, ఆల్టోలు ఆ ఆలింగన గీతాన్ని. తర్వాత మగగొంతులు ఒకటొకటిగా వచ్చి చేరతాయి. చివర్లో సొప్రానోలు తార పంచమం మీద నిలిచిపోతారు. వినేవాళ్ళ ప్రాణమంతా ఆ స్వరం మీదే ఉంటుంది. కింద మిగతా మూడు గొంతులూ కదులుతూనే ఉంటాయి.

అక్కడ ఆల్టోలు వినబడుతున్నారా? నేను చూసేది అదొక్కటే.

ఆ నాలుగింటిలో రసికులు అన్నిటికంటే పైన కూర్చోబెట్టేది ఫుర్ట్‌వెంగ్లర్ నడిపించినదాన్ని. యుద్ధం తర్వాత బైరాయిత్ ఉత్సవాలు తిరిగి మొదలైనప్పుడు, 1951 జులై 29న చేసిన కచేరీ అది. 74 నిమిషాలు. సీడీ నిడివి ఖాయం కావడానికి ఈ కచేరీయే కారణమని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. ఆనందగీతం మొదటిసారి వచ్చేచోట ఆయన పెట్టే నిశ్శబ్దం ఇంకెవరికీ చేతకాలేదు. చివరికొచ్చేసరికి వాద్యాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ ఎక్కడ కూలిపోతాయో అన్నంత వేగం. అయినా నేను వెతికే మనుషులు అందులో దొరకరు. గాయకబృందం అంతా కలిసి దూరాన వినబడే తిరునాళ్ళలా ఉంటుంది.

బెర్లిన్ గోడ తెరుచుకున్న నెలన్నరకి, 1989 డిసెంబరు 25న తూర్పు బెర్లిన్‌లో బెర్న్‌స్టీన్ ఇదే సింఫనీని నడిపించాడు. రెండు జర్మనీల నుంచి, లండన్, పారిస్, న్యూయార్క్, లెనిన్‌గ్రాడ్ నుంచి వచ్చినవాళ్ళు కలిసి వాయించారు. ఆనందం అన్నచోట స్వేచ్ఛ అని పాడించాడు. 78 నిమిషాలు, చాలా నిదానం. కానీ ఆ గొంతుల్లో ఇంకెక్కడా లేని తడి ఉంది. తప్పులు పట్టడానికి నాకు మనసొప్పదు.

కారాయాన్ బృందం వియన్నా సింగ్‌ఫెరైన్. పాట వృత్తిగా ఉన్నవాళ్ళు కారు. పగలు వేరే పనులు చేసుకుని సాయంత్రం సాధనకి వచ్చేవాళ్ళు. ఈ సంగతి తెలిసినప్పుడు మా మేడ గుర్తొచ్చింది. పాట మెరుస్తుంది, నిజమే. ఆ మెరుపులో ఆల్టోల కోసం చెవి రిక్కించాల్సి వస్తుంది.

దొరికింది మాత్రం గార్డినర్ దగ్గర. 1994లో వచ్చిన రికార్డింగు. బీథోవెన్ కాలపు వాద్యాలు, బీథోవెన్ రాసిపెట్టిన వేగానికి దగ్గరైన నడక. మొత్తం గంట కూడా పట్టదు. మాంటెవెర్డీ కోయిర్ చిన్న బృందం. మాట మాట విడిగా తెలుస్తుంది. ఆ ఘట్టంలో ఆల్టోలు సొప్రానోల పక్కన సమానంగా నిలబడి పాడతారు. మొదటిసారి విన్నప్పుడు వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పి, ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఈ సింఫనీలో నలుగురు ఏకగాయకులుంటారు. వాళ్ళలో ఆల్టోకి ఒంటరిగా పాడే చోటు ఒక్కటీ లేదు. 1824 మే 7న వియన్నాలో తొలి ప్రదర్శన. అప్పటికి బీథోవెన్‌కి వినబడదు, సభకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారని తెలియని ఆయన్ని పట్టుకుని వాళ్ళవైపు తిప్పింది ఆ ఆల్టో గాయనేనని చెబుతారు. పేరు కరొలీన్ ఉంగర్. అప్పటికి ఇరవై ఏళ్ళ పిల్ల.

పోయిన నెల టీచరుగారిని చూడటానికి వెళ్ళాను. మేడ మెట్లెక్కి చాలా కాలమైందన్నారు. ఆవిడ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, గార్డినర్‌లో ఆ ఘట్టం వినిపించాను. కళ్ళు మూసుకున్నారు. కుడిచేత్తో తాళం వెయ్యబోయి, కుదరక, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. అయ్యాక కాసేపు ఏమీ అనలేదు.

"పైన అరుస్తున్నవాళ్ళు సరేగానీ, ఆ కింద ఆడవాళ్ళెవరే? వాళ్ళు పాడేది ఇంకోసారి పెట్టు" అన్నారు.