పిల్లి ముఖంలో నొప్పి

ఆపరేషన్ అయిన పిల్లి నొప్పిని దాచుకుంటుంది. పాడిగేదెల కృష్ణా డెల్టాలో గేదె మేత మానితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మూలకు ఒదిగిన పిల్లిని కనిపెట్టడానికి మాత్రం చూపు కావాలి. పశువైద్య కళాశాల ఉన్న గన్నవరంలోనైనా, విజయవాడ క్లినిక్‌లోనైనా పని ఒకటే: పిల్లి ముఖంలో నొప్పిని చదవడం. మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఇందుకోసం ప్రకటించిన కొలమానంలో చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల తీరు ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. మొత్తం 10కి 4 లేదా అంతకు మించి వస్తే నొప్పిమందు ఆలోచించాలి. నిద్రలో, తిండి వేళ, ఒళ్లు నాక్కుంటున్నప్పుడు లెక్క వేయరు. ముందు దూరం నుంచి చూపు, చివర్లోనే కుట్ల చుట్టూ మెత్తని స్పర్శ: ఈ ఓపికే అసలు పనితనం. గురగుర హాయికే గుర్తు కాదు, బాధలోనూ వినిపిస్తుంది. ఇంట్లోని పారాసిటమాల్ పిల్లికి విషం. మందు వైద్యుడే ఇవ్వాలి, ఇచ్చాక మళ్లీ మార్కులు వేయాలి.