కంచు గుర్రం దాచిన నడక

గత వేసవిలో మేము నాలుగు కుటుంబాల వాళ్ళం మూడు కార్లలో దక్షిణ తీరం చూడబోయాము. వెక్స్‌ఫర్డ్ రేవు ఒడ్డున కమొడోర్ జాన్ బ్యారీ నిలువెత్తు కంచు విగ్రహం ముందు ఆగి పులిహోర పొట్లాలు విప్పుకున్నాము. హైదరాబాదు నుంచి కూతురింటికి వచ్చిన పెద్దాయన ఒకరు మా వెంట ఉన్నారు. ఆయన విగ్రహాన్ని చాలాసేపు పరకాయించి చూసి, "వీళ్ళ పల్లెటూరి పిల్లవాడు పరాయి దేశం పోయి అక్కడి నౌకాదళానికే తండ్రి అనిపించుకున్నాడటర్రా! మనవాడికి ఇలాంటి విగ్రహం ఎప్పుడు పడుతుందో!" అన్నారు. అందరం నవ్వి ఊరుకున్నాము. కాని ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఆ తరువాత చూసిన ప్రతి విగ్రహాన్నీ ఆ మాటతోనే కొలుస్తూ వచ్చాము. ఈ వ్యాసం ఆ కొలత ఫలితమే.

బ్యారీకి దక్కిన గౌరవాన్ని మేము కాదనడం లేదు. 1745లో వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని టకుమ్‌షేన్ దగ్గర పుట్టి, చిన్ననాడే ఓడ ఎక్కి, ఫిలడెల్ఫియాలో స్థిరపడి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఆది నుంచి అంతం దాకా సముద్రం మీద పోరాడినవాడు. 1783 మార్చిలో ఆ యుద్ధపు చివరి నౌకా సమరం చేసింది ఆయన ఓడే. కొత్త నౌకాదళంలో మొదటి నంబరు అధికార పత్రాన్ని వాషింగ్టన్ ఆయనకే ఇచ్చాడు. "నౌకాదళ పిత" అనే బిరుదు కోసం జాన్ పాల్ జోన్స్ అభిమానులు నేటికీ పోటీ పడుతూనే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి. ఈ విగ్రహాన్ని 1956లో అమెరికాయే బహూకరించింది. 1963 జూన్‌లో కెన్నెడీ వచ్చి ఇక్కడ పుష్పగుచ్ఛం ఉంచాడు. అంటే అమెరికా తన సేవకుణ్ణి తానే మెచ్చుకుని, ఆ మెప్పును పుట్టింటికి పంపిందన్న మాట. ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ ఇబ్బంది లేని విగ్రహమిది. ఇందులో ప్రశ్నకు తావు లేదు. మాకు నచ్చనిది అదే.

మన బుర్రకథ గుర్తు తెచ్చుకోండి. కథకుడు తంబురా పట్టుకుని వీరుణ్ణి ఆకాశానికెత్తుతూ ఉంటాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకడు హాస్యం పట్టిస్తాడు. రెండోవాడు రాజకీయం మాట్లాడతాడు. నడుమ కథ ఆపి ఇది ఎందుకు జరిగింది, ఎవరికి లాభించింది అని అడుగుతాడు. కథ నిలబడేది వాళ్ళిద్దరి వల్లనే. విగ్రహం వంతలు లేని కథకుడు. దాని ముందు నిలబడినవాళ్ళే వంత పని చెయ్యాలి.

వాటర్‌ఫర్డ్‌లో ఆ పని చెయ్యబోయాము. అక్కడ మాల్ వీధిలో థామస్ ఫ్రాన్సిస్ మార్ గుర్రమెక్కి ఉన్నాడు. శిల్పి కేథరిన్ గ్రీన్. పని చక్కనిదే, గుర్రంలో జీవం ఉంది. మా అభ్యంతరం గుర్రానితోనే! మార్ వాటర్‌ఫర్డ్ బిడ్డ. 1848 మార్చిలో ఈ వీధిలోనే మూడు రంగుల జెండాను మొట్టమొదట ఎగురవేసింది ఆయన. ఆ ఏటి తిరుగుబాటుకు మరణశిక్ష పడి, అది ప్రవాసంగా మారి, టాస్మానియా నుంచి తప్పించుకుని 1852లో న్యూయార్కు చేరాడు. అంతర్యుద్ధంలో ఐరిష్ బ్రిగేడ్‌ను నడిపాడు. అది కాలినడకన పోరాడే పదాతి దళం. 1862 డిసెంబరు 13న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో టోపీలకు పచ్చని ఆకు కొమ్మలు తగిలించుకుని దాదాపు 1200 మంది రాతిగోడ వైపు ఎత్తుమీదికి నడిచారు. 545 మంది దెబ్బతిన్నారు, చచ్చారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. గోడ వెనుక నుంచి కాల్చిన జార్జియా సైనికులలోనూ ఐర్లండు వారున్నారు. మోకాలి పుండుతో నడవలేని మార్ ఆ నడుమ వెనక్కి వచ్చాడు, తన గుర్రం కోసం. అది పిరికితనమని మేమనడం లేదు. కాని ఆ రోజు నడిచినవాళ్ళను వదిలి గుర్రాన్ని పోతపోస్తే, విగ్రహం చెప్పవలసిన మాట మింగినట్టే గదా. 1867లో మోంటానా తాత్కాలిక గవర్నరుగా ఆయన ఆదివాసుల మీదికి మిలీషియాను పోగు చేశాడు. తన నేలను పరాయి పాలన నుంచి విడిపించబోయిన మనిషి మరొకరి నేల మీద ఆ పని చేశాడు. ఆ కథకూ గుర్రమే సరిపోయింది.

"మనవాడు" అన్న మాట ఎంత తడబడుతుందో చూడాలంటే 1775 డిసెంబరు 31 రాత్రికి వెళ్ళాలి. మంచు తుఫానులో క్విబెక్ కోటను ముట్టడించి ప్రాణం విడిచిన అమెరికన్ సేనాని రిచర్డ్ మాంట్‌గొమరీ డబ్లిన్ పక్కనున్న సోర్డ్స్‌లో పుట్టినవాడు. కోట కాపాడిన గవర్నరు గై కార్ల్‌టన్ స్ట్రబాన్‌లో పుట్టినవాడు. ఎవడు మనవాడు? యుద్ధం ముగిసి 1783లో న్యూయార్కు ఖాళీ చేసేటప్పుడు, బ్రిటిష్ పక్షం చేరి స్వేచ్ఛ పొందిన నల్లవారిని తిరిగి అప్పగించమని వాషింగ్టన్ అడిగితే ఈ కార్ల్‌టనే కాదన్నాడు. దాదాపు 3000 మంది నోవాస్కోషియాకు ఓడలెక్కారు. స్వేచ్ఛ కోసం పోరాడినవాడు బానిసలను అడగడం, రాజుగారి సేనాని వాళ్ళను వదలడం! ఏ విగ్రహం ఈ మెలికను మోయగలదు?

ఇది మనకు దూరపు కథ అనుకోకండి. కార్ల్‌టన్ 1759లో క్విబెక్ యుద్ధంలో గాయపడ్డాడు, మాంట్‌గొమరీ 1758లో లూయీబర్గ్ ముట్టడిలో ఉన్నాడు. అదే ఇంగ్లీషు ఫ్రెంచి తగవు అదే 1758 డిసెంబరులో పిఠాపురం దాపున చందుర్తికి వచ్చింది. ఇటు విజయనగరం ఆనంద గజపతి రాజు సేన, అటు ఫ్రెంచివారి కొలువులోని సిపాయిలు. నేల మనది, తగవు వాళ్ళది. ఇంగ్లీషు వారిని గెలిపించిన కర్నల్ ఫోర్డ్ ఇక్కడి డౌన్ కౌంటీ కుటుంబం వాడే. మరుసటి ఏడు బందరు కోట పట్టుకున్నదీ ఆయనే. ఆయన ఐర్లండుకు "మనవాడు" అయితే, చందుర్తిలో కూలిన సిపాయి ఎవరికి మనవాడు?

సెలవుల చివరన క్లిఫ్డెన్ వెళ్ళాము. అక్కడి జాన్ రైలీ శిల్పం మెక్సికో కానుక. రైలీ 1846 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం విడిచి మెక్సికో వైపు చేరి, సాన్ పాట్రీసియో దళం నడిపాడు. వలసవచ్చిన కాథలిక్కులను అమెరికన్ అధికారులు హీనంగా చూడడం ఆ దళం పుట్టడానికి ఒక కారణం. 1847 ఆగస్టులో చురుబుస్కోలో ఓడిపోయారు. దాదాపు 50 మందిని ఉరితీశారు. రైలీ యుద్ధం ప్రకటించకముందే వెళ్ళాడు గనక చట్టం ప్రకారం ఉరి తప్పింది. కొరడా దెబ్బలు, చెంప మీద కాల్చిన ముద్ర మిగిలాయి. ఏటా సెప్టెంబరు 12న ఆ చిన్న ఊళ్ళో మెక్సికో జెండా ఎగురుతుంది. చూసిన మూడింటిలో మాకు ఎక్కువ నచ్చింది ఇదే. గెలిచినవాడు ద్రోహి అన్నవాణ్ణి, ఓడినవాడు కానుకగా పంపాడు. ఎవరి పక్షం అని అడగకుండా ఈ శిల్పాన్ని చూడలేము. లోపం లేదని కాదు. ఆ దళంలో జర్మన్లూ ఇతరులూ ఉన్నారు, ఉరికంబమెక్కినది నాయకుడు కాదు, అనుచరులు.

తిరుగు దారిలో పెద్దాయన మళ్ళీ ఆ మాటే ఎత్తారు. ఈసారి మేము నవ్వలేదు. మనవాళ్ళూ ఇప్పుడు పరాయి దేశాల కొలువుల్లో ఉన్నారు, కొందరు సైన్యాల్లోనూ ఉన్నారు. రేపు ఎవరికైనా కంచు దక్కవచ్చు. దక్కితే సంతోషమే. కాని ఆ దిమ్మె మీద పేరుతోపాటు ఎవరి మీద పోరాడాడో, వెంట నడిచినవాళ్ళు ఏమయ్యారో రాయించగల ధైర్యం మనకుండాలి. ఆయన కాసేపు ఆలోచించి, "అంత రాయిస్తే విగ్రహానికి చోటెక్కడరా?" అన్నారు.

"గుర్రం తీసేస్తే చోటు వస్తుంది తాతయ్యా" అన్నాడు వెనుక సీటులోని కుర్రవాడు. ఆ సెలవుల్లో వంత పని సరిగా చేసినవాడు వాడొక్కడే.