ఓడిపోవడానికి సిద్ధపడే పుస్తకం

స్వేచ్ఛా మార్కెట్ గురించి, లిబర్టేరియన్ ఆలోచన గురించి చదువుకోవాలనే వాళ్లకు పుస్తకాల జాబితాలకు కొదవ లేదు. హేయక్, మిసెస్, ఫ్రీడ్‌మన్, అయిన్ రాండ్ అంటూ ఎవరిని అడిగినా ఇంచుమించు అవే పేర్లు చెబుతారు. పేర్లతో నాకు పేచీ లేదు. ఆ జాబితాలు రాసేది అప్పటికే ఆ మతం పుచ్చుకున్నవాళ్లు కావడం వల్ల చదివేవాడి నమ్మకం పెరుగుతుంది తప్ప వివేకం పెరగదు. ఏ సిద్ధాంతాన్ని నేర్చుకోవాలన్నా, అది ఎక్కడ తప్పుకావచ్చో తేల్చుకునే వీలిచ్చే పుస్తకాన్నే ముందు పట్టుకోవాలని నా అభిప్రాయం. అలా తేల్చుకోవడానికి కావలసిన సాక్ష్యం నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కలే దండిగా ఉంది.

కేసీ (కర్నూలు-కడప) కాలువనే తీసుకోండి. ఇవాళ అది సర్కారు కాలువ. తవ్వించింది మాత్రం ప్రైవేటు కంపెనీ. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో 1850ల చివర్లో ఇంగ్లండులో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తీసింది. నీటి తీరువా వస్తుంది, పడవల మీద సరుకు నడుస్తుంది, లాభాలు పండుతాయని వాటాదారుల లెక్క. తీరా కాలువ పారాక, అనుకున్నంతమంది రైతులు నీళ్లు తీసుకోలేదు. రేగడి నేల వాన తేమను పట్టి ఉంచుతుంది. జొన్న, పత్తి ఆ తేమతోనే గట్టెక్కుతాయి. వాన పడిన ఏడాది డబ్బు కట్టి నీళ్లు పెట్టడం ఎందుకని రైతు లెక్క రైతుకుంది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. ప్రైవేటు చేతిలో పెడితే ఏదైనా బాగుపడుతుందనే పుస్తకం ఈ కాలువ గట్టు మీద నిలబడలేదు. హేయక్ 1945లో రాసిన ‘ది యూజ్ ఆఫ్ నాలెడ్జ్ ఇన్ సొసైటీ’ అనే చిన్న వ్యాసం నిలబడుతుంది. ఒక్కో చోట, ఒక్కో మనిషి దగ్గర చెదిరి ఉన్న ఎరుకను పైన కూర్చున్నవాడు పోగుచేయలేడని ఆయన వాదం. ఆయన గురిపెట్టింది ప్రణాళికా సంఘాల మీద. లండను కంపెనీ బోర్డుకూ అది అంతే సూటిగా తగులుతుంది. రచయిత ఊహించని చోట కూడా పనిచేసిందంటే ఆ వాదంలో సత్తువ ఉన్నట్టు.

దీనికి మార్కెట్ పక్షపాతుల దగ్గర ఒక జవాబుంది. ఆ కంపెనీ పెట్టిన పది లక్షల పౌన్ల పెట్టుబడికి ప్రభుత్వం 5 శాతం వడ్డీ పూచీ ఇచ్చింది. నష్టభయం లేనివాడు జాగ్రత్తగా లెక్క వేయడు, కాబట్టి అది అసలైన మార్కెట్టే కాదంటారు. జవాబులో నిజముంది. కానీ ప్రమాదం కూడా అక్కడే ఉంది. రష్యాలో వచ్చింది అసలైన సోషలిజం కాదని చెప్పే కమ్యూనిస్టును ఎగతాళి చేసేవాళ్లు, తమ వంతు వచ్చేసరికి అదే సాకు ఎత్తుకోకూడదు. ఏది జరిగితే తమ మాట వీగిపోయినట్టో ముందే చెప్పిన రచయితకు ఆ ఇబ్బంది ఉండదు. ఈ కొలతకు మిసెస్ ‘హ్యూమన్ యాక్షన్’ ఆగదు. ఆర్థిక సూత్రాలు అనుభవంతో రుజువయ్యేవీ కావు, వీగిపోయేవీ కావు అన్నది ఆ గ్రంథం పునాది. మేధస్సు గొప్పదే, కానీ మొదటి పుస్తకంగా పనికిరాదు.

రెండో సాక్ష్యం సుప్రీంకోర్టు తీర్పు. 1960ల మొదట్లో కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో బస్సు రూట్లను జాతీయం చేసే పథకాలు వచ్చాయి. నంద్యాల అప్పుడు ఆ జిల్లాలోనిదే. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికే ఆ ప్రాంతాన్ని ఎంచుకున్నారని బస్సు యజమానులు ఆరోపించారు. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి అఫిడవిట్ వేయలేదన్న సంగతిని కోర్టు ఎత్తిచూపి, 1964లో పథకాలను కొట్టేసింది. ఆ ఏడే ఆయన రాజీనామా చేశారు. ప్రభుత్వం చేతిలో రూట్లు పెడితే కక్షలకు వాడుకుంటుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. పాలకులు కూడా స్వలాభం చూసుకునే మనుషులేనన్న ఎరుకతో బుకానన్, టల్లాక్ ‘ది కాల్క్యులస్ ఆఫ్ కన్సెంట్’ను ప్రచురించింది 1962లో, సరిగ్గా ఆ రోజుల్లో. అయితే ఆ కక్షను ఆపింది కూడా రాజ్యంలో భాగమైన న్యాయస్థానమే. రాజ్యమంటే దొంగల ముఠా అని చెప్పి ఊరుకునే రోత్‌బార్డ్ దగ్గర దీనికి వివరణ దొరకదు. చట్టానికి లోబడిన ప్రభుత్వం ఎలా ఉండాలో ఓపికగా చర్చించిన హేయక్ ‘ది కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ లిబర్టీ’లో దొరుకుతుంది.

స్వేచ్ఛ నైతిక హక్కు, దాన్ని కాలువలతో, బస్సులతో కొలవడమేమిటని ఒకరు అడగవచ్చు. గట్టి ప్రశ్నే. రాబర్ట్ నోజిక్ 1974 నాటి ‘అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా’ ఆ దారిలోనిదే. అలాంటి పుస్తకాన్ని దాని సొంత తూకంతోనే తూచాలి. ఆస్తి న్యాయంగా సంక్రమించి ఉండాలి, లేకుంటే పాత అన్యాయాన్ని సరిదిద్దాలి అంటాడు నోజిక్. ఆళ్లగడ్డ పక్కనే ఉన్న ఉయ్యాలవాడకు ఈ సూత్రం పట్టుకెళ్లండి. పాళెగాళ్ల భూములు ఈస్టిండియా కంపెనీ తీసుకుంది, పింఛన్లు విదిలించింది. పింఛను దగ్గర, ఇనాం భూముల దగ్గర రగిలిన గొడవలోనే నరసింహారెడ్డి 1846లో తిరగబడి, మరుసటి ఏడు కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కారు. ఆ పాళెగాళ్లకు ఆ భూములు ఎలా వచ్చాయి? 1800 తర్వాత దత్త మండలాల్లో కలెక్టరు మన్రో రాయించిన రైతువారీ పట్టాలో ఎవరి పేరు చేరింది, ఎవరిది జారిపోయింది? సరిదిద్దడం ఏ తరం నుంచి మొదలుపెట్టాలో నోజిక్ తేల్చలేదు. తేల్చలేదని దాచలేదు కూడా. అందుకే ఆయన్ను చదవమంటాను.

ఇవన్నీ దిగుమతి ఆలోచనలనే వాళ్లకు రైతు నాయకుడు ఆచార్య రంగా పేరు చాలు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయం తీర్మానించాక ఆయన బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. 1967లో కర్నూలు లోక్‌సభ స్థానం ఆ పార్టీదే. ఆయనకు రైతు సొంత కమతం ప్రాణం, గిట్టుబాటు ధర కూడా ప్రాణమే. ఈ రెండోది ఫ్రీడ్‌మన్ ఒప్పుకోడు. ఇక పీవీ నరసింహారావు 1991 నవంబరులో నంద్యాలలో 5.80 లక్షల మెజారిటీతో గెలవడాన్ని సరళీకరణకు జనామోదంగా చెప్పే రచనలను అనుమానించండి. తెలుగు ప్రధాని అని తెలుగుదేశం అభ్యర్థినే పెట్టలేదు. పైగా 1972లో భూపరిమితి చట్టం తెచ్చిన ముఖ్యమంత్రీ ఆయనే.

నా జాబితాలో అన్నిటికన్నా పైన ఉండే పుస్తకం లిబర్టేరియన్ రాసింది కాదు. రాబర్ట్ వేడ్ 1988లో ప్రచురించిన ‘విలేజ్ రిపబ్లిక్స్’ కర్నూలు జిల్లాలో కాలువల కింది ఊళ్లను తిరిగి చూసి రాసింది. కొన్ని ఊళ్లు చట్టబద్ధమైన పంచాయతీతో పనిలేకుండా తమకంటూ పెద్దల కట్టు ఏర్పరచుకుని, ఊరి నిధి పోగుచేసి, పంటకు కాపలాదారులను, నీళ్లు మళ్లించడానికి మనుషులను పెట్టుకున్నాయి. పక్క ఊళ్లు ఆ పని చేయలేదు. ఎందుకీ తేడా? నీళ్లు ఆలస్యంగా, అరకొరగా అందే కాలువ చివరి ఊళ్లలోనే కట్టు ఎక్కువ కనిపించిందంటాడు వేడ్. రెండేళ్ల తర్వాత ఎలినార్ ఓస్ట్రమ్ ఇలాంటి ఉమ్మడి కట్టుబాట్ల మీదే ‘గవర్నింగ్ ది కామన్స్’ ప్రచురించింది. 2009లో ఆమెకు నోబెల్ వచ్చింది. సర్కారు చేయకపోతే ఎవరు చేస్తారన్న ప్రశ్నకు లిబర్టేరియన్లు ఎక్కువగా ఊహలతో జవాబిస్తారు. వేడ్ ఇచ్చింది చూసొచ్చిన జవాబు. ఆ ఏర్పాటు అన్ని ఊళ్లలోనూ పుట్టదని కూడా అదే పుస్తకం చెబుతుంది కాబట్టి అది ఎవరి జెండాకూ పూర్తిగా లొంగదు.

కొత్తగా మొదలుపెట్టేవాడికి ఇంత బరువు అవసరమా, హాజ్‌లిట్ ‘ఎకనామిక్స్ ఇన్ వన్ లెసన్’ చాలదా అంటారు. చదవండి, తేలికగా ఉంటుంది. దాన్ని ముగించి లోకం అర్థమైపోయిందనుకోకపోతే చాలు. అయిన్ రాండ్ నవలలు నవలల కోసం చదివేవాళ్లకే వదిలేస్తాను.

ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పన్ను డబ్బుతో పన్నును తిట్టే పుస్తకాలు కొనిపించడం కొందరికి నవ్వు తెప్పించవచ్చు, తెప్పించనివ్వండి. నంద్యాల, ఆళ్లగడ్డ పాఠకులు తమ గ్రంథాలయంలో హేయక్‌ను అడగండి, నోజిక్‌ను అడగండి. వేడ్‌ను మాత్రం పట్టుబట్టి తెప్పించండి.