మూడో వరస

కారు కొనే మాటొస్తే మగవాళ్ళు ముందునుంచి మొదలెడతారు. ఇంజనెంత, మైలేజీ ఎంత, ముందు గ్రిల్లు ఎంత దర్జాగా ఉంది అని. ఏడుగురు కూర్చునే బండిని మాత్రం వెనకనుంచి చూడాలని నా వాదన. అక్కడ కూర్చునేది మనం కదా! స్టీరింగు దగ్గర ఇంటాయన, పక్కన మామగారు, మధ్య వరసలో అత్తగారూ, ఆడపడుచూ, ఆవిడ పిల్లాడూ. మిగిలిన మూడో వరస కోడలికీ, చంటిదానికీ, పులిహోర కేరేజీకీను. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ ఆఖరి బంతి లాంటిదే ఇదీ.

మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కారెన్స్‌నే తీసుకోండి. 2022 ఫిబ్రవరిలో అమ్మకానికొచ్చింది. అటు జీపూ కాదు, ఇటు వ్యానూ కాదు. కారుకి కాస్త ఎత్తు పెంచి, లోపల మూడు వరసలు పేర్చారు. అప్పటి బండి పొడవు 4540 మిల్లీమీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య ఎడం 2780. ఆ ఎడం ఉంటేనే వెనకవాళ్ళ మోకాళ్ళకి చోటు.

దీన్ని గీసినవాళ్ళు మూడో వరసని మరిచిపోలేదు, మెచ్చుకోవాలి. చల్లగాలి కప్పులోంచి అక్కడికీ వస్తుంది. పై రకాల్లో ఓ మీట నొక్కితే మధ్య సీటు తనంతట తనే ముందుకి పల్టీ కొట్టి దారిస్తుంది. చంకలో బిడ్డ, చేతిలో సంచీ ఉన్న మనిషికి తెలుస్తుంది ఆ మీట విలువ. మరి తక్కువ ధర బండి కొన్న ఇంట్లో తల్లి చేతులు ఖాళీగా ఉంటాయనుకున్నారు కాబోలు! దారిచ్చినా, నడుం వంచి, తల వంచి దూరాల్సిందే. ఈ కొలతలు తీసినప్పుడు చీర కుచ్చిళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

ఇక సామాను. మూడో వరస లేచి ఉంటే వెనక మిగిలే చోటు 216 లీటర్లు. ఏడుగురికి పంచితే తలకి 31 లీటర్లు కూడా రాదు. ఓ చేతిసంచీ అన్నమాట. పెట్టెలు పెట్టాలంటే సీటు మడవాలి, సీటు మడిస్తే మనుషులు దిగాలి. ఎవరు దిగుతారో చెప్పక్కర్లేదుగా.

వీటన్నిటికంటే నన్ను ఆపింది వేరే సంగతి. మొదటినుంచీ అన్ని రకాల్లోనూ ఆరు గాలిసంచులిచ్చారు, సంతోషం. కాని 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గుద్దించి చూసి, అయిదింటికి మూడు నక్షత్రాలే ఇచ్చారు. ఆనాటి బండిలో మధ్య వరస నడిమి సీటుకి నడుం మీదుగా వెళ్ళే బెల్టే ఉంది, భుజం మీదుగా వచ్చేది కాదు. పెద్దవాళ్ళ మధ్య భద్రంగా ఉంటాడని మనం పిల్లాణ్ణి కూర్చోబెట్టేది సరిగ్గా ఆ చోటే!

అంచేత, ఏ కంపెనీ బండి అయినా సరే, షోరూముకి మీరూ వెళ్ళండి. చీరలోనే వెళ్ళండి. ప్రతి సీటు బెల్టూ లాగి చూడండి. ఆ పైన ఇంటాయన్ని మూడో వరసలో కూర్చోబెట్టి, ఊరు దాటి ఓ గంట తిప్పమనండి. రంగు సంగతి తరవాత మాట్లాడుకోవచ్చు.