గుర్రాల దుమ్ములో కనబడనిది

తొలి తెలుగు కౌబాయ్ చిత్రం ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) వచ్చినప్పుడు, మిరపకోత కూలీలతోపాటు నేనూ నేలక్లాసులో ఈలవేశాను. తెనాలి దగ్గరి బుర్రిపాలెం కృష్ణ తెరమీద గుర్రమెక్కాడు మరి! కొద్దిపాటి ఖర్చుతో కె.ఎస్‌.ఆర్‌. దాస్‌ రాజస్థాన్‌ ఎడారిని వాడుకున్న నేర్పును కాదనను. అయితే తెల్లదొరల దాడికి గురైన అమరవీడు సంస్థానంతో మొదలైన కథ నిధివేటగా మిగిలింది. మరి ప్రజలేమయ్యారు? రచయిత అభ్యుదయ కవి ఆరుద్ర కనుకనే ఈ ప్రశ్న.

తుపాకీకి ఎదురు నిలిచిన కథకోసం ఎడారిదాకా పోనక్కరలేదు. పశువుల మేతకు పుల్లరి కట్టబోమన్న రైతులకు నాయకుడై, 1922లో పోలీసు తూటాలకు నేలకొరిగిన కన్నెగంటి హనుమంతు మన పల్నాటివాడే. ఈలవేసిన ఆ కూలీకి అతని కథ చెప్పే బాధ్యత మన సినిమాకు లేదా?