ఐదు మైళ్ల ఇల్లు

బార్డోలీ పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. 1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరా ఉదంతము పిమ్మట, శాసనోల్లంఘనమును ఆపవలెనని కాంగ్రెసు కార్యవర్గము తీర్మానించినది అచ్చటనే. పన్ను చెల్లింపక నిలిచిన మన పెదనందిపాడు రైతులు ఆ దినములలో బార్డోలీ వైపే చూచుచుండిరి. 1928 సత్యాగ్రహము వల్లభభాయిని సర్దారును చేసినది. ఈ రెంటి వెలుగులో మూడవ సంగతి మరుగుపడినది. అది రాజకీయములకంటె వాస్తుకళకు ఎక్కువ సంబంధించినది.

బార్డోలీకి చేరువనే, తాపీనది యొడ్డున, హరిపుర గ్రామమున 1938 ఫిబ్రవరిలో సుభాస్ చంద్ర బోసు అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగెను. సభకై వెదురు, గడ్డి మొదలగు పల్లె సామగ్రితో విఠల్‌నగరమను ఊరే వెలసినది. గాంధీజీ కోరికపై నందలాల్ బోసు డోలు వాయించువానిని, వడ్రంగిని, పాలు త్రాగు దూడతో కూడిన ఆవును చిత్రించి ఇచ్చెను. ఆ పటములు నగరమును అలంకరించినవి. అంతకు ఏడాది ముందు, 1937 జనవరిలో, 'హరిజన్' పత్రికయందు గాంధీజీ ఆదర్శగ్రామమును వర్ణించుచు, ఇండ్లకు చాలినంత గాలి వెలుతురు ఉండవలెననియు, కట్టుటకు వలయు సామగ్రి ఐదు మైళ్ల లోపల దొరకునదై యుండవలెననియు వ్రాసియుండెను.

ఈ ఐదు మైళ్ల మాటను జీవితమంతయు వెంట నుంచుకొన్న వాస్తుశిల్పి లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామున పుట్టి, యుద్ధకాలమున చైనాలో రోగులకు సేవచేసి, స్వదేశమునకు పోవు ఓడకై బొంబాయిలో కాచుకొనియుండగా ఆయనకు గాంధీజీ దర్శనమైనది. గుడ్డపీలికలతో కుట్టిన చైనా చెప్పులు ఆ పరిచయమునకు కారణమైనవట. ఐదు మైళ్ల నియమము మొదట తనకు అతిశయోక్తివలె తోచినదనియు, దశాబ్దములు ఇండ్లు కట్టిన పిమ్మట అదియే సత్యమని తెలిసినదనియు ఆయన తరువాత చెప్పుకొనెను. 2007లో తిరువనంతపురమున మరణించువరకు ఆయన మార్గము మారలేదు.

బేకర్ సిద్ధాంతమును 'చౌకయిండ్లు' అను మాటలో ఇమిడ్చివేయుట మన పత్రికలకు అలవాటు. ఇది అన్యాయము. చౌక బీదలకు, ఖర్చు ధనికులకు అను విభజనమును ఆయన అంగీకరింపలేదు. వృథా ఎవరి యింటనైనను వృథాయే అనెను. ప్రతి వస్తువును ఇది అవసరమా అని ప్రశ్నించుటయే ఆయన విద్య. ఇటుకలను అంచుపై నిలిపి నడుమ ఖాళీ వదలి పేర్చు 'ర్యాట్ ట్రాప్' కట్టుబడిచే సుమారు నాలుగవవంతు ఇటుక మిగులును, గోడలోని గాలి ఎండవేడిమిని అడ్డగించును. కాంక్రీటు పైకప్పులో అడుగుభాగమున లాగుడును ఓర్చునది ఇనుపకమ్మియే గాని కాంక్రీటు కాదు. కావున కమ్ముల నడుమ పెంకులు పొదిగి సిమెంటు మిగిల్చెను. అనగా ఆయన సిమెంటునకు శత్రువు కాడు. అది ఎచ్చట పనిచేయునో ఎచ్చట ఊరక కూర్చుండునో ఎరిగినవాడు. రాయలసీమ మిద్దెపై చౌడుమట్టి పరచినవానికిని, ఉత్తరాంధ్ర తీరమున గాలికి ఎదురొడ్డక తప్పించుకొనునట్లు చుట్టిల్లు కట్టినవానికిని ఉన్న ఎరుక ఇట్టిదే.

ఇంతవరకు నాకు పేచీ లేదు. పేచీ ఐదు మైళ్ల నియమమును సూత్రముగా వల్లించు ఆయన అనుయాయులతోను, ఒక్కచోట ఆయనతోను.

విఠల్‌నగరమున వెదురుకు గౌరవము కలుగుటకు కారణము వెదురు కాదు. దేశనాయకులు అందు నివసించిరి. పైగా అది కొలది దినముల ఊరు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట చీరాల పేరాల ప్రజలు ఇండ్లు విడిచి రామనగరున పాకలు వేసికొని నెలల తరబడి ఎండవానలకు ఓర్చిరి. అచ్చటను పాక ఒక ఆయుధము, వారు ఎంచుకొన్నది. ఎంచుకొనని పాక సంగతి వేరు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన వచ్చినపుడు మట్టిగోడలు, తాటాకు కప్పులు వేలాది ప్రాణములతో కూడ కొట్టుకొనిపోయినవి. సామగ్రి ఐదు మైళ్లలోనిదే! అచ్చటి రైతుకూలీ పక్కాయిల్లు కావలెననినచో దానిని పట్నవాసపు మోజని వెక్కిరించుట, కాంక్రీటు మేడలో కూర్చుండి మాటలాడువారికి తగదు. స్లాబు అతనికి అలంకారము కాదు. ప్రాణభయము తీరుట, నిప్పు భయము తీరుట, నలుగురిలో తల యెత్తుకొనుట. ఈ మూడవదానిని లెక్కకట్టు పట్టిక ఏ వాస్తుశిల్పియొద్దను లేదు.

బేకర్‌తో నా పేచీ గోడపూతను గూర్చినది. ఇటుక ఇటుకవలె కనబడవలెను, పూత వృథా, అది పదార్థమును దాచు అబద్ధము అని ఆయన తలంపు. పదార్థముపట్ల సత్యమే వాస్తుధర్మమను ఈ మాట వినుటకు గంభీరముగా నున్నది. కాని మన పల్లెలలో సంక్రాంతికి ముందు ఇల్లాలు గోడకు సున్నము కొట్టి, అరుగులకు ఎర్రమట్టి పూసి, గడపకు పసుపు రాయును. ఆ పూత అబద్ధమా? కట్టినవాడు వెడలిపోయిన పిమ్మట ఏటేట ఇంటిని తనదిగా చేసికొను పని అది. ఎర్రని ఇటుకగోడ ఆమెకు చోటివ్వదు. అది కట్టినవాని సంతకముతోనే నిలిచియుండును. ప్రతి గృహస్థుని అవసరము వేరని పదేపదే చెప్పిన బేకర్, ఆ గృహస్థు గోడను సున్నముతో కప్పగోరినపుడు తన రుచినే సత్యమని పేర్కొనెను. ఇంతటి వినయవంతునియందును ఇంత అహంకారము మిగిలియుండుట ఆ వృత్తి స్వభావము కాబోలు.

నందలాల్ బోసు హరిపురలో ఈ చిక్కునకు లోబడలేదు. వెదురు కట్టడమును కట్టడముగనే ఉండనిచ్చి, దాని మీద పల్లెజనము బొమ్మలను పల్లెజనము గుర్తుపట్టునట్లు నిలిపెను. ఆ పందిళ్లు సభ ముగిసిన తరువాత నిలువలేదు. చేతికాగితముపై వేసిన ఆ పటములలో పెక్కు నేడును ఢిల్లీలో జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలయందు ఉన్నవి.